వాన నీళ్ళు ఎటు పోతాయో చెప్పని వెంచర్‌కి నేను వీడియో చెయ్యను

పైనున్న వీడియోలో మీరు చూసింది మా చేను పడమటి గట్టు. గట్టుకు ఇవతల మా కంది, జొన్న, సాళ్ళ మధ్యలో ఆచ్ఛాదన కోసం వేసిన అలసంద. అవతల చదును చేసి తెల్ల రాళ్ళు పాతిన 25 ఎకరాలు. మూడేళ్ళ కింద అది కూడా చేనే. ఇప్పుడు దాని గేటు మీద "ప్రకృతి ఒడిలో మీ సొంతిల్లు" అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది.

ఆ వెంచర్ వాళ్ళ మనిషి మొన్న మా చేనుకొచ్చాడు. మంచి కుర్రాడే, మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీ వీడియోలు మా ఎండీ గారు రెగ్యులర్‌గా చూస్తారు. మా దగ్గర ఆర్గానిక్ విల్లాలు వస్తున్నాయి. ప్రతి ఇంటికీ కిచెన్ గార్డెన్. మీరొచ్చి జీవామృతం తయారీ చూపిస్తూ ఒక్క వీడియో చేస్తే చాలు" అన్నాడు. ఎంతిస్తారో కూడా చెప్పాడు. అబద్ధం ఎందుకు, ఆ మొత్తం వినగానే నా మనసు ఒక నిమిషం ఆగింది. మాకు రెండెకరాల కంది మీద మిగిలేదానికంటే అది ఎక్కువ.

నేను అతన్ని మూడు ప్రశ్నలు అడిగాను. మీ 25 ఎకరాల్లో పడ్డ వాన ఎటు పోతది? మీరు గీకేసిన పై మట్టి ఎక్కడుంది? మీ బ్రోచర్‌లో చూపిస్తున్న తోటలో పని చేసేదెవరు, ఆ తోట భూమి ఎవరి పేరు మీద ఉంటది? "కనుక్కొని చెప్తాను సార్" అని వెళ్ళాడు. ఇంకా ఫోన్ రాలేదు.

ఈ మూడు ప్రశ్నలు నేను కోపంతో అడిగినవి కావు. ఇళ్ళు కట్టేవాళ్ళందరూ దొంగలని నేను అనను. మనుషులకు ఇళ్ళు కావాలి, ఊరు పెరుగుతది. కానీ ఇళ్ళూ చేనూ ఒకే నేల మీద బతకగలిగేలా కాలనీ కట్టిన బిల్డర్ ఉన్నాడు. దాదాపు 50 ఏళ్ళ కిందటే కట్టాడు. ఆ కథ మనవాళ్ళకు తెలియాలని ఈ వ్యాసం.

డేవిస్‌లో ఒక బిల్డర్

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో డేవిస్ అని ఒక ఊరుంది. వ్యవసాయ యూనివర్సిటీకి పేరున్న ఊరు. అక్కడ మైకేల్ కార్బెట్, జూడీ కార్బెట్ అనే దంపతులు 1970ల్లో సుమారు 70 ఎకరాల్లో 'విలేజ్ హోమ్స్' అనే కాలనీ కట్టారు. అన్నీ కలిపి 240 దాకా ఇళ్ళు. 1975 ప్రాంతంలో పని మొదలై 1980ల మొదట్లో పూర్తయింది.

మన పెర్మాకల్చర్ మిత్రులకు బిల్ మాలిసన్ పేరు చెప్పక్కర్లేదు. 1980ల్లో ఆయన మన దేశానికి కూడా వచ్చి కోర్సులు చెప్పారు. 1991లో వచ్చిన 'గ్లోబల్ గార్డెనర్' అనే వీడియో సిరీస్‌లో, పట్టణాల గురించిన భాగంలో, ఆయన ఈ విలేజ్ హోమ్స్‌లో నడుస్తూ చూపిస్తారు. యూట్యూబ్‌లో వెతికి చూడండి. దారి పక్కన పండ్ల చెట్లు, మధ్యలో నీటి కాలువలు, సైకిళ్ళ మీద పిల్లలు. నేను మొదటిసారి చూసినప్పుడు ఇది కాలనీయా, తోటలో ఇళ్ళు కట్టారా అనిపించింది.

కార్బెట్ చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే, వాన నీళ్ళని బయటికి తోలెయ్యలేదు. మామూలుగా కాలనీ అంటే నేలను రోడ్డు వైపు వాలుగా చేస్తారు. ఇంటి కప్పు మీది నీళ్ళు రోడ్డు మీదికి, రోడ్డు పక్క కాలువలోకి, అక్కణ్ణుంచి భూమిలో పాతిన పైపులోకి, పైపులోంచి ఊరు దాటి ఎక్కడికో పోతాయి. ఆయన వాలును తిప్పేశాడు. నీళ్ళు రోడ్డుకు దూరంగా, ఇళ్ళ వెనక ఉన్న ఉమ్మడి స్థలంలోకి పారేలా చేశాడు. అక్కడ వెడల్పుగా, లోతు తక్కువగా, గడ్డీ చెట్లూ పెరిగిన పల్లపు కాలువలు తవ్వాడు. వాటిని వాళ్ళు స్వేల్స్ అంటారు. మన భాషలో చెప్పాలంటే వాలుకు అడ్డం పెట్టిన కందకానికి, చిన్న ఒర్రెకూ మధ్య రకం. అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలు. నీళ్ళు నిలబడి ఇంకుతాయి. ఇంకగా మిగిలినవే ఊరి డ్రైనేజీలోకి పోతాయి.

మనకు ఇందులో కొత్త ఏముంది? చేనులో కందకాలు తవ్వినవాళ్ళం, వాఫస అంటే ఏంటో వేరు దగ్గర చూసినవాళ్ళం. కానీ ఒక ఇళ్ళ కాలనీలో ఆ పని చేయడమే పెద్ద సంగతి. ఎందుకంటే అందరూ వద్దన్నారు. ఊరి ఇంజనీర్లు నీళ్ళు నిలిచిపోతాయన్నారు. రోడ్లు 20 నుంచి 25 అడుగులే పెట్టాడని, ఫైర్ ఇంజన్ ఎట్లా తిరుగుతుందని అడిగారు. బ్యాంకులు అప్పివ్వడానికి ఓ పట్టాన ముందుకు రాలేదు. చివరికి, నీ కాలువలు పని చెయ్యకపోతే మామూలు డ్రైనేజీ నీ ఖర్చుతో వేయిస్తామని ఆయన చేత పూచీ కట్టించుకుని అనుమతి ఇచ్చారు.

తర్వాత పెద్ద వాన వచ్చింది. చుట్టుపక్కల పైపులున్న కాలనీల డ్రైన్లు పొంగితే, విలేజ్ హోమ్స్ కాలువలు తమ నీళ్ళతో పాటు పక్క కాలనీల నుంచి వచ్చిన నీళ్ళను కూడా తీసుకున్నాయి. పైపులు వెయ్యకపోవడం వల్ల అప్పటి లెక్కల్లో ఇంటికి సుమారు 800 డాలర్లు మిగిలాయని చెబుతారు. ఆ డబ్బుతో చెట్లు పెట్టారు. ఇంటి స్థలాలు చిన్నవిగా ఇచ్చి, మిగిలిన నేలను ఉమ్మడిగా ఉంచారు. బాదం, ద్రాక్ష, అంజూర, దానిమ్మ, నేరేడు కాదు గానీ ప్లమ్స్, ఆప్రికాట్లు. బాదం పంట అమ్మిన డబ్బు కాలనీ నిర్వహణ ఖర్చుకు కలుస్తుంది. ఇంత గొడవపడ్డ కార్బెట్ తర్వాత అదే డేవిస్ ఊరికి మేయర్ అయ్యాడు.

మన దగ్గర లెక్క వేసి చూద్దాం

"అన్నా, అక్కడి వాన వేరు, ఇక్కడి వాన వేరు" అని మీరు అనొచ్చు. నిజమే. డేవిస్‌లో ఏడాదికి 50 సెంటీమీటర్ల లోపే పడుతుంది, అదీ చలికాలంలో. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్లు, ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. ఒక్కో రోజు కుండపోత.

అందుకే మనకు ఆ లెక్క ఇంకా ఎక్కువ అవసరం. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. మా పక్క వెంచర్ 25 ఎకరాల మీద ఒక రాత్రి 5 సెంటీమీటర్లు పడితే 50 లక్షల లీటర్లు. అది చేనుగా ఉన్నప్పుడు దుక్కిలో ఇంకేది, గట్ల దగ్గర నిలిచేది, మిగిలింది ఒర్రెలో పడి కుంటకు పోయేది. కుంట నిండితే మత్తడి దూకి కింద చెరువుకు. ఇప్పుడు రోడ్లు, కప్పులు, టైల్స్ వేసిన వాకిళ్ళు. ఇంకే చోటు తగ్గింది, పారే నీళ్ళు పెరిగాయి, వేగం కూడా పెరిగింది. ఒర్రె ఉన్న చోట సిమెంటు డ్రైన్ కట్టి, దాని మూతి మా గట్టు దగ్గర వదిలారు. వీడియోలో గట్టు కోసుకుపోయిన చోట నేను నిలబడి చూపించాను కదా, అదే. కింద మా బావిలో మాత్రం నీళ్ళు ముందటి కంటే తొందరగా కిందికి దిగుతున్నాయి. వానాకాలం వరద, ఎండాకాలం కరువు. రెండూ ఒకే తప్పు నుంచి వచ్చాయి.

2020 అక్టోబరు 13 రాత్రి గుర్తుందా? ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. చెరువు శిఖం భూముల్లో, నాలాల మీద కట్టిన కాలనీల్లో జనం మేడల మీద రోజుల తరబడి ఉన్నారు. అంత వానను ఏ కందకమూ మొత్తం ఆపలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అంత వాన కోసమే మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై కుంట మత్తడి కింది చెరువుకు పెట్టారు. కార్బెట్ కాలిఫోర్నియాలో కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది. మనం ఉన్నదాన్ని పూడ్చకుండా ఉంటే చాలు.

1908 మూసీ వరద తర్వాతే కదా గండిపేట, హిమాయత్ సాగర్ కట్టింది. వాటికి నీళ్ళొచ్చే దారి కాపాడటానికి 1996లో 84 ఊళ్ళకు 111 జీవో వచ్చింది. 2022లో దాన్ని మార్చి 69 జీవో తెచ్చారు. ఈ వైపు రైతులకు ఆ ఆంక్షల వల్ల భూమి ధర రాలేదన్న బాధ ఉంది, ఆ బాధ న్యాయమైనదే. చెరువును కాపాడే భారం మొత్తం రైతు మీదే ఎందుకు వేశారు? ఇప్పుడు ఆంక్షలు సడలితే నీళ్ళ దారి కాపాడే భారం ఇళ్ళు కట్టేవాళ్ళ మీద పడాలి.

రెండో ప్రశ్న: మట్టి

జేసీబీ వచ్చిన మొదటి రోజు గీకేది పై మట్టినే. ఒక ఎకరంలో పై అరడుగు మట్టి అంటే 600 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీల్లో రెండు వందల ట్రిప్పులు. వానపాములు, వేర్లు, బూజులు, ఎన్నేళ్ళ పెంట ఎరువు, అన్నీ అందులోనే. కొన్నిచోట్ల దాన్ని పునాదుల్లో నింపుతారు, కొన్నిచోట్ల అమ్మేస్తారు. తర్వాత కింద తేలిన మొరం మీద బయటి నుంచి తెచ్చిన మట్టి రెండంగుళాలు పోసి కార్పెట్ గడ్డి పరుస్తారు. ప్రహరీ పొడుగునా కోనోకార్పస్. ఆ గడ్డి పచ్చగా ఉండటానికి రోజూ బోరు నీళ్ళు, యూరియా, పురుగు మందు. అదంతా మళ్ళీ వాలు మీద కిందికి మన చేనుకే. నేను పదేళ్ళుగా ఒక్క బస్తా రసాయనం వెయ్యని నేలలోకి పక్క లాన్ మందు నీళ్ళు వస్తే, నా సర్టిఫికెట్ గురించి ఎవరికి చెప్పుకోవాలి?

ఆ పై మట్టిని ఒక మూలన కుప్ప పోసి, పైన ఆకూ గడ్డీ కప్పి, కట్టడం అయ్యాక మళ్ళీ అదే నేల మీద పరిస్తే బిల్డర్‌కి పెద్ద ఖర్చేమీ కాదు. అడిగేవాళ్ళు లేక చెయ్యట్లేదు.

మూడో ప్రశ్న: రైతు ఎక్కడ?

అమెరికాలోనే షికాగోకు ఉత్తరాన ప్రెయిరీ క్రాసింగ్ అని ఇంకో కాలనీ ఉంది. అక్కడ మొదట ఒక బిల్డర్ 2,400 ఇళ్ళు కడతానన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు అడ్డుపడ్డారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 1987లో కొందరు కలిసి ఆ 670 ఎకరాల పైచిలుకు భూమిని కొనేశారు. చివరికి 400 లోపు ఇళ్ళే కట్టి, సగానికి పైగా నేలను గడ్డిభూమిగా, చెరువుగా, పొలంగా వదిలారు. అందులో సుమారు 100 ఎకరాలు ఆర్గానిక్ పొలం. నాకు నచ్చిందేమిటంటే, ఆ పొలం కాలనీవాళ్ళ సరదా తోట కాదు. అక్కడ రైతులు వృత్తిగా సాగు చేస్తారు, కూరగాయలు ముందే డబ్బు కట్టిన కుటుంబాలకు వారం వారం పోతాయి. కొత్త రైతులకు చిన్న చిన్న మడులు ఇచ్చి నేర్పే ఏర్పాటు కూడా పెట్టారు.

మన దగ్గర "ఫార్మ్ ప్లాట్" అంటే ఏంటి? అయిదు గుంటలు, పది గుంటలు. నాలుగు మహాగని మొక్కలు, డ్రిప్పు పైపు, ఒక వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ చాలాసార్లు ఆ భూమి అమ్మిన రైతే. మా పక్క భూమి అమ్మినాయన ఇప్పుడు అదే గేటు దగ్గర రాత్రి కాపలా. బిడ్డ పెళ్ళి, ఎండిన మూడు బోర్ల అప్పు, ఆయన అమ్మడం తప్పని నేను ఎట్లా అంటాను? "పటేలా, నా చేన్ల నాకే గేట్ పాస్ ఇచ్చిండ్రు" అని నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తోటలో జీవామృతం కలపాల్సింది ఆయన. నేల సంగతి తెలిసినవాడు ఆయన. తోట పేరు చెప్పి ఇల్లు అమ్ముకునే బిల్డర్, ఆ తోటను కౌలుకో, పంటలో వాటాకో ఆయన చేతికే ఇవ్వొచ్చు కదా. తోట భూమిని తర్వాత ఇంకో బ్లాకు కింద అమ్ముకోకుండా కాలనీ సంఘం పేరున రిజిస్టర్ చేసి పెట్టొచ్చు కదా.

మనం ఏం చెయ్యగలం

విలేజ్ హోమ్స్ అంతా బంగారమని నేను చెప్పట్లేదు. ఈ రోజు అక్కడ ఇల్లు కొనడం మామూలు జీతగాడి వల్ల కాదు. మంచి కాలనీ తయారైతే ధర పెరుగుతుంది, ధర పెరిగితే పేదవాడు బయటే. మన దగ్గర కూడా అదే జరగొచ్చు. కానీ "జనానికి వెడల్పు రోడ్లు, లాన్లే కావాలి, ఇలాంటివి ఎవరూ కొనరు" అనే మాట మాత్రం అక్కడ తేలిపోయింది. కొన్నారు, పోటీపడి కొంటున్నారు.

మన పక్కన వెంచర్ వస్తుందని తెలిసిన రోజే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. రాళ్ళు పాతాక లాభం లేదు.

ఊరి నక్షా తీసుకుని ఒర్రెలు, కుంటలు, బండ్ల బాట ఎక్కడున్నాయో చూడండి. నక్షాలో ఉన్న ఒర్రెను లేఅవుట్ గీతల్లో మాయం చేస్తే, అది మీరు రాతపూర్వకంగా చెప్పగలిగే అభ్యంతరం. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలన్న నిబంధన ఉంది. పంచాయతీకి, ఇరిగేషన్ వాళ్ళకు, లేఅవుట్ అనుమతిచ్చే ఆఫీసుకు ముగ్గురికీ కాగితం పెట్టి, తీసుకున్నట్టు రసీదు అడగండి.

వాన పడేటప్పుడు వీడియో తియ్యండి. ఎండలో తీసిన వీడియోలో ఒర్రె కనపడదు, గుంతలాగా ఉంటుంది. వానలో తీస్తే నీళ్ళు ఎటు నడుస్తున్నాయో చిన్న పిల్లాడికి కూడా అర్థమవుతుంది. నేను ఈ పని ఆలస్యంగా చేశాను. మూడేళ్ళ కిందటి వాన నా ఫోన్‌లో ఉంటే, ఈ రోజు ఆ డ్రైన్ మూతి మా గట్టు మీద ఉండేది కాదేమో.

అమ్మక తప్పని వాళ్ళు అమ్మే ముందు ఒక్క మాట అడగండి. ఒర్రెను పూడ్చం అని అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించండి. రాస్తారా లేదా తర్వాత సంగతి. అడిగితే కదా తెలిసేది.

ఇంకోటి. ఇప్పుడు బిల్డర్లకు మన పేరు కావాలి. "ప్రకృతి వ్యవసాయం" అనే మాటకు సిటీలో విలువ వచ్చింది. ఆ విలువ తెచ్చింది ఎవరు? ఆవు మూత్రం పట్టి, తెల్లారుజామున డ్రమ్ములు కలిపి, మొదటి రెండేళ్ళు దిగుబడి తగ్గినా పంటి బిగువున నిలబడ్డ మనమే. దాన్ని లాన్ పక్కన బోర్డు కింద ఊరికే ఇవ్వకండి.

ఆ కుర్రాడు మళ్ళీ వస్తే నేను చెప్పే మాట ఇదే: బాబూ, మీ డ్రైన్ మూతి మూసి నీళ్ళను మీ స్థలంలోనే ఇంకించండి. ఒర్రెను తిరిగి తెరవండి. ఆ తోట మా పక్కాయన చేతికివ్వండి. అప్పుడు మీరు పిలవక్కర్లేదు, డబ్బులూ ఇవ్వక్కర్లేదు, డ్రమ్ము నేనే మోసుకొచ్చి వీడియో చేస్తా. లేదంటే మా ఛానల్‌లో మీ వెంచర్ వీడియో ఒకటి ఎలాగూ ఉంది. వచ్చే వానలో ఇంకోటి పెడతాను, గట్టు మీద నిలబడి.